చిత్తూరేమన్నా అండమానా? నవ్వు మీద ఎవరి పెత్తనం?

నవ్వుకి కూడా పట్టాదారు ఉంటాడని మనలో చాలామంది అనుకోరు. చెరువు ఎవడి గుప్పిట్లో ఉందో తెలుసు. గుట్ట పోరంబోకుని దున్నుకుంటున్నదెవడో తెలుసు. శ్మశానానికి దోవ మూసిందెవడో తెలుసు. నవ్వు నోట్లోంచి వచ్చేదే కదా, దానికి పాసుబుక్కు ఏంది అంటారు. ఉంది. ఎవడు ఎవడ్ని చూసి నవ్వొచ్చు, ఎవడు తల వంచుకుని నవ్వులపాలు కావాల అనేది ఈ దేశంలో ఎప్పుడో రాసిపెట్టినారు. రచ్చబండ మీద కూర్చుని మనోళ్ళ యాసని, మన ఆడోళ్ళ నడకని, మన పిలకాయల నల్లటి ఒంటిని అనుకరించి పదిమంది నవ్వితే దానికి సరదా అని పేరు. అదే రచ్చబండ ముందర మనోడొకడు నిలబడి పెద్దమనిషి మీసాన్ని, దగ్గుని, అప్పిచ్చేటప్పుడు వేలు తడుపుకుని నోట్లు లెక్కబెట్టే తీరుని చూపించినాడనుకోండి, దానికి పేరు పొగరు. సరదాకి చప్పట్లు దొరుకుతాయి. పొగరుకి ఏం దొరుకుతుందో 1991లో చుండూరు చెప్పింది. అక్కడ తగువు రాజుకున్నది సినిమాహాల్లో, మనోడి కాలు తగిలిందన్న కాడ.

ఈ సంగతి ఇప్పుడెందుకంటే, టౌన్లలో ఒక పని పుట్టి పదిపదిహేనేళ్ళలో బాగా పెరిగింది. స్టాండప్ కామెడీ అంటారు. తిరుపతిలో కాలేజీలు చదివే పిలకాయలు రాత్రిపూట సెల్లులో చూసేది ఇదే. వేషం లేదు, రంగు లేదు, మద్దెల లేదు. ఒక మనిషి, ఒక మైకు, పక్కన నీళ్ళ బాటిలు. గంటసేపు నిలబడి తన ఇంటి సంగతి, వీధి సంగతి, సర్కారు సంగతి చెప్పి నవ్విస్తాడు. టిక్కెట్టు పెడతారు. ఈ ఊళ్ళో ఒకరోజు, ఆ ఊళ్ళో ఒకరోజు తిరుగుతాడు. ఇంగ్లీషు పేరు పెట్టేసరికి ఇదేదో అమెరికా నుంచి దిగిన సరుకు అనుకుంటున్నారు.

కాదు. తెలంగాణ పల్లెల్లో పిట్టలదొర ఏం చేసేవాడు? చినిగిన కాకీ కోటు, నెత్తిన టోపీ, భుజాన కట్టె తుపాకీ. ఒక్కడే నడివీధిలో నిలబడి లేని భూముల్ని, లేని బంగళాల్ని, లేని దర్జాని ఏకరువు పెడుతుంటే జనం పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళు. ఆ నవ్వు వాడి దరిద్రం మీద కాదు, దొరల దర్జా మీద. మన దిక్కు పగటివేషాలోళ్ళు చేసిందీ అదే. చిత్తూరు జిల్లాలో భారతం ఆడే ఊళ్ళల్లో రాజు వేషం రాకముందే హాస్యగాడు వచ్చి రాజుల పరువు సగం తీసిపోతాడు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో దూదేకుల ఇంట పుట్టిన షేక్ నాజర్ 1940ల్లో ప్రజానాట్యమండలితో ఊరూరా తిరిగి బుర్రకథ చెప్పినాడు. నడుమ కథకుడు. ఒక పక్క వంత రాజకీయం మాట్లాడతాడు, ఇంకో పక్క వంత నవ్విస్తాడు. ఆ ఇద్దరి పనినీ ఒక్క మనిషి నోట్లో పెడితే అదే ఈ స్టాండప్. ఇంకా వెనక్కి పోతే మన ఫూలే ఉన్నాడు. 1855లో ఆయన రాసిన 'తృతీయ రత్న' నాటకంలో పురోహితుడు రైతు దంపతుల్ని దోచుకుంటుంటే ఆ మోసాన్ని మనకి విప్పి చూపించేది ఎవరు? విదూషకుడు. పోలీసు కాదు, తాసిల్దారు కాదు, నవ్వించేవాడు! ఆ తర్వాత సత్యశోధక జల్సాలు మహారాష్ట్ర పల్లెల్లో తిరిగినాయి, అంబేడ్కరీ జల్సాలు తిరిగినాయి. మన ఉద్యమానికి నవ్వు కొత్తేం కాదు.

ఇక మునవ్వర్ ఫారూఖీ అనే పిలగాడి సంగతి వినండి. 1992లో గుజరాత్‌లోని జునాగఢ్‌లో పుట్టినాడు. 2002 మారణకాండలో ఇల్లు పోయింది. చిన్న వయసులోనే తల్లి పోయింది. బొంబాయి చేరి డోంగ్రీలో ఉంటూ పాత్రల అంగట్లో పనిచేసినాడు. తర్వాత కంప్యూటర్లో బొమ్మలు, పోస్టర్లు చేసే పని నేర్చుకున్నాడు. ఆ బతుకునంతా జోకులుగా మార్చి వేదికెక్కినాడు. 2020లో అతని వీడియోలు జనంలోకి పోయినాయి. ఊళ్ళు తిరగడం మొదలుపెట్టినాడు. తిరగడం మొదలుపెట్టిన కొత్తలోనే ఇండోర్ వచ్చింది.

2021 జనవరి 1. ఇండోర్‌లో ఒక కాఫీ హోటల్లో ప్రదర్శన. స్థానిక బీజేపీ ఎమ్మెల్యే కొడుకు తన మనుషులతో వచ్చి ఆపేసినాడు, దేవుళ్ళని కించపరిచినాడని ఫిర్యాదు పెట్టినాడు. పోలీసులు మునవ్వర్‌ని పట్టుకుపోయినారు. ఆ రోజు అతను దేవుళ్ళ మీద ఏమన్నా అన్నాడని చూపించే వీడియో తమ దగ్గర లేదని అక్కడి పోలీసు అధికారే పత్రికలవాళ్ళకి చెప్పినాడు. మాట దొరకలేదు, మనిషి మాత్రం జైల్లో ఉన్నాడు. జనవరి 28న మధ్యప్రదేశ్ హైకోర్టు బెయిలు ఇవ్వనంది. ఆ రోజు అతని పుట్టినరోజు. ఫిబ్రవరి 5న సుప్రీంకోర్టు మధ్యంతర బెయిలు ఇస్తే అప్పుడు బయటికొచ్చినాడు. మొత్తం 37 రోజులు. ఎందుకు? వెయ్యబోయే జోకుకి!

అతనితోపాటు లోపలికి పోయినవాళ్ళని ఎవరూ తలుచుకోరు. వాళ్ళలో నళిన్ యాదవ్ అని మధ్యప్రదేశ్ పిలగాడొకడు. మునవ్వర్‌కైనా పేరు వచ్చింది. నళిన్‌కి బయటికొచ్చినాక వేదికలు మూసుకుపోయి కూలిపని చేసుకోవాల్సి వచ్చిందని పత్రికలు రాసినాయి. కేసు పడితే పేరున్నవాడు వార్త అవుతాడు, పేరులేనివాడు కూలి అవుతాడు. మన పల్లెల్లో కేసులు మోస్తున్న పిలకాయలకి ఈ సంగతి మేం విడమర్చి చెప్పాల్నా?

తర్వాత సంవత్సరమంతా ఇదే తంతు. 2021 నవంబర్ 28న బెంగుళూరులో అతని ప్రదర్శన ఉండాల. మన మదనపల్లి, పలమనేరు, కుప్పం పిలకాయలు కూలికీ నాలికీ పోయే బెంగుళూరు. టిక్కెట్లు అమ్మేసినారు. పోలీసులు నిర్వాహకులకి ఉత్తరం రాసినారు: ఇతను వివాదాస్పద మనిషి, శాంతిభద్రతలు చెడతాయి, ఆపేయండి. బెదిరించినవాళ్ళని ఆపే పని పోలీసులది. వాళ్ళు ఆపింది బెదిరింపులు పడినవాడ్ని. రెండు నెలల్లో 12 ప్రదర్శనలు ఇట్లా రద్దయినాయి. ద్వేషం గెలిచింది, కళాకారుడు ఓడినాడు అని రాసుకుని ఇంక చాలన్నాడు ఆ పిలగాడు.

అప్పుడు హైదరాబాద్ పిలిచింది. 2021 డిసెంబర్‌లో తెలంగాణ మంత్రి కేటీఆర్ బహిరంగంగా ఆహ్వానించినాడు: మాది అందరి నగరం, మునవ్వర్ రావొచ్చు, కునాల్ కామ్రా రావొచ్చు. 2022 జనవరిలో జరగాల్సింది కరోనా వల్ల వాయిదా పడి ఆగస్టు 20న శిల్పకళావేదికలో జరిగింది. గోషామహల్ ఎమ్మెల్యే రాజాసింగ్ అడ్డుకుంటామని, వేదిక తగలబెడతామని బెదిరించినాడు. పోలీసులు అతన్ని ముందురోజే కట్టడి చేసినారు. హాలు చుట్టూ పోలీసులే పోలీసులు. ప్రేక్షకులు టిక్కెట్టు చూపించి లోపలికి పోయినారు, నవ్వినారు, ఇంటికి పోయినారు. ఆకాశం విరిగి పడలేదు. ఆ తర్వాత రాజాసింగ్ ప్రవక్త మీద వీడియో పెట్టడం, అరెస్టు కావడం, పీడీ యాక్టు, నవంబర్‌లో హైకోర్టు దాన్ని కొట్టేయడం, అదంతా వేరే కథ. మనకి కావాల్సింది ఇది: సర్కారు తలుచుకుంటే ఒక నవ్వించేవాడికి రక్షణ ఇవ్వగలదు. ఇచ్చి చూపించింది.

సంతోషం. మేం దీనికి అభ్యంతరం చెప్పం. చెప్పేది ఒక్కటే. అదే హైదరాబాద్, అదే పార్టీ సర్కారు, అవే కాకీ బట్టలు. నాలుగేళ్ళ ముందు ఈ రక్షణ యాడికి పోయింది?

కత్తి మహేష్ మన జిల్లా వాడు. యర్రావారిపాలెం మండలం యల్లమంద. ఆ రోజుల్లో చిత్తూరు జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి తిరుపతి జిల్లా. దళిత ఇంట్లో పుట్టి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో చదివినాడు. సినిమాల మీద రాసినాడు, 2014లో 'హృదయ కాలేయం' అనే వెటకారం సినిమాలో నటించినాడు, 2015లో 'పెసరట్టు' తీసినాడు, 2017లో బిగ్‌బాస్ మొదటి విడతలో కనబడినాడు. స్టాండప్ కమెడియన్ కాదు. కానీ టీవీ చర్చల్లో అతని ఆయుధం ఏంది? పెదవి చివర ఒక వెటకారం. గొంతు పెంచడు, కుర్చీలోంచి లేవడు, ఒక్క మాటతో ఎదుటోడి గాలి తీస్తాడు. పెద్ద పెద్ద హీరోల అభిమానులకి మంటెక్కింది ఆ మాటకి కాదు, ఆ ధీమాకి. మాలపల్లెలోంచి వచ్చినోడు కాలు మీద కాలేసుకుని సినిమా రాజ్యాన్ని, పురాణ రాజ్యాన్ని ఎగతాళి చేయడమేంది?

2018 జూన్ ఆఖర్లో టీవీలో రాముడి మీద అతనన్న మాటల మీద కేసులు పడినాయి. ఆ మాటలు బాగున్నాయా లేవా అని మేం ఇక్కడ తూకం వెయ్యబోవడం లేదు. నచ్చనివాళ్ళు జవాబు చెప్పొచ్చు, చెప్పినారు కూడా. కోర్టుకి పోవచ్చు, పోయినారు. కానీ పోలీసులు కోర్టు తీర్పు దాకా ఆగలేదు. 2018 జూలై 9న డీజీపీ ప్రకటించినాడు: కత్తి మహేష్ ఆరు నెలలు హైదరాబాద్‌లో అడుగు పెట్టకూడదు. ఏ చట్టం కింద? సంఘవ్యతిరేక, ప్రమాదకర కార్యకలాపాల నిరోధక చట్టం, 1980. రౌడీలకి, గూండాలకి వాడే చట్టం. మనిషిని బండెక్కించి సొంత జిల్లాకి చేర్చినారు.

మాకు ఒకటే అర్థం కాదు. చిత్తూరేమన్నా అండమానా? తెల్లోడు మన వీరుల్ని అండమాన్‌కి పంపితే అది ద్వీపాంతరం. దళితుడ్ని పుట్టిన ఊరికి పంపడం శిక్ష ఎట్లయింది? ఇంకొకడ్ని పుట్టిన ఊరికి పంపితే విశ్రాంతి అంటారు, సెలవు అంటారు. మనోడ్ని పంపితే బహిష్కారం అంటారు. ఆ మాటలోనే అసలు గుట్టు ఉంది. నగరం వాళ్ళది, వాడ మనది. నగరంలో మనం ఉండేది వాళ్ళు ఉండనిచ్చినన్నాళ్ళే. నోరు లేస్తే వాడకి తరిమేస్తారు. వెలి అనేది పల్లెలో పెత్తందారు కనిపెట్టినాడు, 2018లో దాన్ని డీజీపీ ప్రెస్‌మీట్ పెట్టి ప్రకటించినాడు.

రెండ్రోజులకి పరిపూర్ణానంద స్వామిని కూడా ఆరు నెలలు బహిష్కరించినారు కదా, సమానంగా చూసినట్టే కదా అనేవాళ్ళున్నారు. ఏం సమానం? స్వామి మీద ఉత్తర్వుని ఆగస్టులో హైకోర్టు నిలిపేసింది, సెప్టెంబర్‌లో ఆయన నగరానికి తిరిగొచ్చినాడు. అది ఆయన హక్కే, మేం కాదనం. కానీ దళిత విమర్శకుడ్నీ స్వామినీ ఒకే కాటాలో వేసి, ఇదిగో తూకం సరిపోయింది అని చేతులు దులుపుకోవడం న్యాయం కాదు. 2018లో ఢిల్లీతో తగువు లేదు గనక దళితుడు బరువైనాడు, 2022లో తగువు ముదిరింది గనక మునవ్వర్ ముద్దైనాడు అని మేమంటే తప్పుబట్టే మొనగాడెవరు? హక్కు అనేది సర్కారు అవసరాన్ని బట్టి ఇచ్చే రేషన్ బియ్యం కాదు.

2021 జూన్ 26న నెల్లూరు జిల్లాలో రోడ్డు ప్రమాదంలో మహేష్ దెబ్బలు తిన్నాడు. జూలై 10న మద్రాసు ఆసుపత్రిలో పోయినాడు. ఆ వార్త కింద ఎంతమంది నవ్వుతున్న బొమ్మలు పెట్టినారో సెల్లు ఉన్న ప్రతివాడూ చూసినాడు. మనోభావాలు దెబ్బతిన్నాయని ఏడ్చినవాళ్ళే శవం మీద నవ్వినారు. ఆ నవ్వు మీద ఎక్కడా కేసు పడినట్టు మేం వినలేదు.

మనలో కొందరు అంటున్నారు: మునవ్వర్ తురకోడు, టీవీలో గెలిచి డబ్బు చేసుకున్నాడు, మనకెందుకు? నిజమే, 2022లో ఒక టీవీ పోటీ, 2024 జనవరిలో హిందీ బిగ్‌బాస్ గెలిచినాడు. ఇప్పుడతనికి మన జాలి అక్కర్లేదు. మేం మాట్లాడేది గెలిచిన మునవ్వర్ గురించి కాదు, పాత్రల అంగట్లోంచి వచ్చి మొదటి మెట్టు మీద కాలు పెట్టినవాడి గురించి. ఆ మెట్టు మీదే లాగేస్తారు. పేరు వచ్చినాక లాగడం కష్టం అని వాళ్ళకి తెలుసు. రేపు మన శ్రీకాళహస్తి నుంచో, సత్యవేడు నుంచో ఒక పిల్ల మైకు పట్టుకుంటే ఆ పిల్లకి ఎదురయ్యేది ఇండోరే. హైదరాబాద్ ఎదురవుతుందన్న గ్యారంటీ లేదు.

ఇంకో దిక్కు చూడండి. మన మీద వేసే జోకులకి ఏం జరుగుతుంది? మాయావతి మీద సినిమా నటుడు రణదీప్ హుడా వేసిన జోకు వీడియో 2012 నాటిది. ఆ జోకు ఇక్కడ రాసి ఆమెని మళ్ళీ అవమానించం. ఆ రోజు హాలంతా నవ్వింది. తొమ్మిదేళ్ళు ఎవరికీ అందులో తప్పు కనబడలేదు. 2021 మేలో ఆ వీడియో బయటికొచ్చి మన పిలకాయలు నిలదీస్తే అప్పుడు ఐక్యరాజ్యసమితి ఒప్పందం కింద నడిచే ఒక సంస్థ అతన్ని రాయబారి పదవి నుంచి తీసేసింది. క్రికెట్ ఆటగాడు యువరాజ్ సింగ్ 2020లో ఇంకో ఆటగాడ్ని సరదాగా ఒక దళిత కులం పేరుతో పిలిచినాడు. హర్యానాలో కేసు పడి 2021 అక్టోబర్‌లో అరెస్టు చూపించి గంటల్లో బెయిలు మీద వదిలినారు. 37 రోజులెక్కడ, కొన్ని గంటలెక్కడ! యువరాజ్‌ని 37 రోజులు కూర్చోబెట్టమని మేం అడగడం లేదు. కాటా ఒకటే ఉండాల అంటున్నాం.

మన తెలుగులో అయితే చెప్పనక్కర్లేదు. సినిమాలో హీరో పేరు వెనక తోక ఉంటుంది, నవ్వుకి వాడే పాత్రకి ఎల్లయ్య, పుల్లయ్య, ఎంకటసామి. వినాయకచవితి పందిట్లో, కాలేజీ వార్షికోత్సవంలో మిమిక్రీ చేసేవాడు చిత్తూరు మాట అని మన పల్లె యాస పట్టి ఆడిస్తాడు. నల్లరంగు జోకు, తాగుబోతు జోకు, రిజర్వేషన్ జోకు. ముందు వరసలో కూర్చున్న మన పిలకాయలు కూడా నవ్వుతారు. నవ్వకపోతే "వీడికి తగిలిందిరోయ్" అంటారేమోనని నవ్వుతారు. ఆ నవ్వు ఎంత బరువో మోసినోళ్ళకే తెలుసు.

తిరుపతి జనానికి గంగమ్మ జాతర గురించి మేం చెప్పాల్సిన పని లేదు. ప్రతి ఏడూ మే నెలలో తాతయ్యగుంట గంగమ్మకి జాతర. ఆడోళ్ళని చెరిచే పాలెగాడ్ని చంపడానికి అమ్మ మారువేషాలు కట్టిందని కథ. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం. కైకాల కులంవాళ్ళు ఆ వేషాలు కడతారు, మొక్కుకున్న జనం కూడా కడతారు. వేషంలో ఉన్నవాడు ఎదురొచ్చినోడ్ని బూతులు తిడతాడు. తిట్టించుకున్నవాడు కోప్పడడు. ఎవరి మనోభావమూ దెబ్బతినదు, ఎవరూ స్టేషన్‌కి పరిగెత్తరు. బాగుంది. ఇప్పుడు మా ప్రశ్న వినండి. తోటి అంటే ఎవరు? ఊరికి వెట్టి చేసినవాడు, దండోరా వేసినవాడు, చచ్చిన గొడ్డుని మోసినవాడు. మనోడు. మాతంగి అంటే ఎవరు? మన ఆడబిడ్డ. వేషం తోటి తిడితే పుణ్యం, నిజం తోటి తిడితే కేసు. వేషం మాతంగికి దండం, నిజం మాతంగికి? మన పేర్లు కావాల, మన తిట్టు కావాల, మన పలక దెబ్బ కావాల. మనం మాత్రం ఆ వారం దాటితే నోరు మూసుకోవాల! పాలెగాడ్ని పట్టుకోడానికి అమ్మవారికే తోటి వేషం పనికొచ్చిందంటే, ఆ వేషంలో ఎంత బలముందో వాళ్ళకీ తెలుసు. అందుకే ఏడాదికి ఒక్కరోజు మాత్రమే, అదీ వేరేవాళ్ళ ఒంటి మీద!

కార్యకర్తలు చట్టం సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోవాల. మతభావాలు దెబ్బతిన్నాయనే కేసు పాత ఐపీసీలో 295ఎ, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 299. ఈ కేసు రాత్రికి రాత్రి కడతారు. మన చట్టం 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం. 2016 జనవరి 26 నుంచి అమల్లోకొచ్చిన సవరణ ప్రకారం 3(1)(ఆర్) అంటే పదిమందికి కనబడే చోట కావాలని అవమానించడం, 3(1)(ఎస్) అంటే పదిమందిలో కులం పేరుతో తిట్టడం. మైకులో, పందిట్లో, ఆర్కెస్ట్రాలో మనిషిని కులం పేరుతో తిట్టి నవ్వించడం పదిమందికి కనబడే చోటు కాకపోతే ఇంకేది? 2018లో సుప్రీంకోర్టు ఈ చట్టానికి కోరలు పీకితే ఏప్రిల్ 2న భారత్ బంద్ జరిగింది, మనోళ్ళు ప్రాణాలు పోగొట్టుకున్నారు, ఆగస్టులో పార్లమెంటు 18ఎ చేర్చింది. కేసు కట్టడానికి ముందు విచారణ అక్కర్లేదని అందులో ఉంది. ఎస్సై "సరదాకన్నాడులే, పెద్దమనుషుల్లో తేల్చుకోండి" అంటే సెక్షన్ 4 చూపించండి. విధి తప్పిన అధికారికి కూడా శిక్ష రాసుంది. అయితే ఒకటి, ప్రతి వెకిలి జోకుకీ ఈ చట్టం తీయకండి. చెత్త జోకుకి మంచి జోకే మందు. కులం పేరుతో మనిషిని పదిమందిలో తొక్కినప్పుడు తీయండి.

ఇంట్లో సంగతి కూడా మాట్లాడాల. మాలల ఇళ్ళల్లో మాదిగల మీద జోకులు లేవా? మాదిగల ఇళ్ళల్లో డక్కలోళ్ళ మీద లేవా? మగోళ్ళు చీరకట్టుకుని తన్నులు తింటే అదొక హాస్యం, 2013 నుంచి టీవీలో వారం వారం చూస్తున్నాం, మన వాడల్లోనూ పడిపడి నవ్వుతున్నారు. పెళ్ళాన్ని కొట్టడం జోకుగా చెప్పేవాడు వేదిక మీద జై భీమ్ అంటే మాకు చెవులు మూసుకోవాలనిపిస్తుంది. పైనుంచి కిందికి పడే నవ్వు రాయి లాంటిది, ఎవడి చేతిలో ఉన్నా తల పగులుతుంది.

అమెరికాలో డిక్ గ్రెగరీ అని ఒక నల్లజాతి మనిషి. 1932లో సెయింట్ లూయిస్‌లో కటిక దరిద్రంలో పుట్టినాడు. సైన్యంలో ఉండగా జోకులు చెప్పడం మొదలుపెట్టి, తర్వాత షికాగోలో పగలు పోస్టాఫీసు పని, రాత్రి నల్లవాళ్ళ క్లబ్బుల్లో చిల్లర డబ్బులకి నవ్వించే పని చేసినాడు. తెల్లవాళ్ళ పెద్ద క్లబ్బులు నల్లవాడ్ని పాడనిస్తాయి, ఆడనిస్తాయి. నిలబడి మాట్లాడనివ్వవు. మాట్లాడడమంటే సమానుడనే కదా! 1961 జనవరి 13న షికాగో ప్లేబాయ్ క్లబ్బులో ఒకడి బదులు అతనికి ఒక్క రాత్రి అవకాశం దొరికింది. ఎదురుగా కూర్చున్నది దక్షిణ రాష్ట్రాల తెల్ల వ్యాపారులు, అంటే మన భాషలో పెత్తందార్ల సభ. వద్దులే, డబ్బులిచ్చి పంపేస్తాం అన్నా వినకుండా వేదికెక్కినాడు. వాళ్ళ జాతిపిచ్చి మీదే జోకులేసి వాళ్ళనే నవ్వించినాడు. అక్కణ్ణుంచి దేశమంతా తిరిగినాడు. ఒక పెద్ద టీవీ కార్యక్రమం పిలిస్తే పోనన్నాడు. ఎందుకు? తెల్ల కమెడియన్లని ప్రదర్శన అయినాక సోఫాలో కూర్చోబెట్టి మాట్లాడతారు, నల్లవాళ్ళని నవ్వించి పొమ్మంటారు. సోఫాలో కూర్చోబెడితేనే వస్తానన్నాడు, కూర్చున్నాడు. కుర్చీ సంగతి మనకి తెలీనిదా? పంచాయితీ ఆఫీసులో మన సర్పంచి నేల మీద కూర్చున్న ఊళ్ళు ఎన్ని లేవు! ఆ తర్వాత గ్రెగరీ మిస్సిసిప్పీలో ఓటు అడిగినందుకు తిండి ఆపేసిన నల్లవాళ్ళకి విమానంలో సరుకులు మోసినాడు, 1963లో బర్మింగ్‌హాంలో జైలుకి పోయినాడు. 2017లో చనిపోయేదాకా నవ్వించడాన్నీ ఉద్యమాన్నీ విడదీయలేదు.

మన దేశంలోనూ మొదలైంది. బస్తర్ నుంచి మంజీత్ సర్కార్ అనే దళిత పిలగాడు, మహారాష్ట్ర బీడ్ నుంచి అంకుర్ తాంగడే అనే ఆడపిల్ల, ఇంకొందరు కలిసి 'బ్లూ మెటీరియల్' అని పేరు పెట్టుకుని ఊళ్ళు తిరిగినారు. నీలం మన రంగని వేరే చెప్పాల్నా? కులం దాచుకోకుండా, కులం మీదే జోకులు. మన మీద కాదు, మనల్ని అంటరానివాళ్ళన్నవాళ్ళ మీద. హిందీలో, ఇంగ్లీషులో జరుగుతున్నది తెలుగులో ఎందుకు జరగదు? మన వాడల్లో నోరున్నవాళ్ళు లేరా? ఏ అరుంధతివాడకైనా పోండి, సాయంత్రం బోరింగు కాడ ఒక అక్క మండలాఫీసు గుమస్తాని అనుకరిస్తుంటుంది. ఒక తాత తను పాలేరుగా ఉన్న ఇంటి పిసినారితనం చెబుతుంటే జనం కన్నీళ్ళొచ్చేటట్టు నవ్వుతుంటారు. ఆ నవ్వు బోరింగు కాడే ఆగిపోతోంది.

అందుకు మన సభలు కూడా కొంత కారణం. ఏప్రిల్ 14 వస్తే పదకొండు మంది వక్తలు, మూడు గంటలు. ఆరో వక్త లేచేసరికి ఆడోళ్ళు పిల్లల్ని చంకనేసుకుని ఇంటికి పోతారు. ఆఖర్న జనాన్ని ఆపడానికి రికార్డింగ్ డాన్సు. బాబాసాహెబ్ పటం ముందర రికార్డింగ్ డాన్సు!

వచ్చే జయంతికి తిరుపతి, చిత్తూరు జిల్లాల సంఘాల్ని మేం అడిగేది ఇది. వక్తలు ముగ్గురు చాలు. డాన్సు వద్దు. ఆ డబ్బుతో మైకు సెట్టు బాడుగకి తీసుకుని ఒక గంట ఆ బోరింగు అక్కకి, ఆ పాలేరు తాతకి, కాలేజీ పిల్లకి ఇవ్వండి. షరతులు రెండే: కింద ఉన్నోడి మీద జోకు వద్దు, ఆడోళ్ళని కించపరిచే జోకు వద్దు. పోలీసు పర్మిషన్ కాగితంలో "సాంస్కృతిక కార్యక్రమం" అని ముందే రాసి నకలు దగ్గర పెట్టుకోండి. మొదటినుంచి చివరిదాకా వీడియో తీయండి, ఇండోర్‌లో వీడియో లేకనే ఏమన్నాడో తేలక మనిషి జైల్లో కూర్చున్నాడు. లాయరు ఫోను నంబరు మైకు పట్టుకునే పిల్ల దగ్గర ఉండాల, సంఘం అధ్యక్షుడి జేబులో కాదు. ఎవడన్నా వచ్చి ఆపమంటే మైకు ఆపకండి, వాడి పేరు అడిగి రాసుకోండి. ఏ ఊళ్ళో జరిగిందో, ఎవరెవరు మాట్లాడినారో, ఎవరు అడ్డమొచ్చినారో మాకు కార్డు రాయండి, మే మొదటి సంచికలో వేస్తాం.